సల్లగదిలో ఝుణా పొగ

నాకు కూకుని మాటాడ్డం సేతకాదు. ఈ సంగతైతే మరీని. నాను నిలబడే సెప్తాను, మీరు కూకోండి.

మా సిన్నాన్న పేరు అసిరయ్య. మా నాయనకి తమ్ముడు. మాది మార్కండి, ఒడిశాలో ఛత్రపూర్‌కి దగ్గర, సముద్రం ఒడ్డు. ఊరు ఊరంతా ఏటకెల్తాది గానీ ఈయన మాత్రం పడవ కదిలితే సాలు, కడుపులోది కక్కేసేవోడు. అంచేత పదహారో ఏట సేపల ఐసు ఫ్యాక్టరీలో పనికి దూరాడు. అక్కడ అమోనియా కంప్రెసర్లుండేవి, ఒక్కోటి ఎడ్లబండంత. ముప్పై నాలుగేళ్ళు ఆటి పక్కనే బతికాడు. ఆ మోతకి సెవులు పోయాయి. ఒక్కరోజులో పోలేదు. ముందు పిట్టల కూతలు పోయాయి, తరవాత దూరంనుంచి పిలిస్తే పలకడం పోయింది, ఆఖరికి మా పిన్ని నీలమ్మ పక్కన నిలబడి తిట్టినా నవ్వుతూ సూసేవోడు. పిన్నికి దానికే ఒళ్ళు మండేది.

సెవులు పోయాయి గానీ సేతిలోకి ఏదో వచ్చింది. మిషను మీద అరసెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల ఏ బోల్టు వదులయ్యిందో, గ్యాసెంత తగ్గిందో సెప్పేసేవోడు. నాను సిన్నపిల్లప్పుడు ఇదేదో మంత్రమనుకునేదాన్ని. మంత్రమూ లేదు, మన్నూ లేదు. ముప్పై నాలుగేళ్ళు తడిమితే ఎవులికైనా వస్తాది.

ఫైలిన్ తుపానుకి ఐసు ఫ్యాక్టరీ కప్పు లేచిపోయింది. యజమాని మల్లీ కట్టలేదు. సిన్నాన్న ఆరునెల్లు ఇంట్లో ఉన్నాడు. ఉన్నాడంటే ఏటున్నాడు, కాలుగాలిన పిల్లిలాగ తిరిగాడు. ఈదిలో ఎవరింట ఫ్రిజ్జుంటే ఆ ఇంటికెల్లి దానిమీద సెయ్యేసి నిలబడేవోడు. జనం నవ్వుకునేవోళ్ళు. నాకు తల కొట్టేసినట్టుండేది. "ఎలాగైనా ఈయన్ని ఎక్కడో పన్లో పెట్టకపోతే పిచ్చెక్కిపోతాది, లేపోతే నాకెక్కుతాది" అని పిన్ని నా దగ్గర ఏడ్చింది.

నాను అప్పటికి బరంపురంలో ఊడ్పు పనికి కుదిరున్నాను. భీమేశ్వరరావు గారని, మూడు తరాల బట్టల హోల్‌సేలు షావుకార్లు. వాళ్ళ గోడౌను మేడమీద డేటా సెంటరు పెట్టారు. ఆయన కూతురు వాసవీకుమారి ఇంజినీరు, ఆవిడే నడుపుతాది. డేటా సెంటరంటే ఏటని నన్నడిగితే ఇంతే సెప్తాను. బీరువాల్లాటి ఇనప అరలు వరసలు వరసలు, ఆటినిండా కంప్యూటర్లు. ఆసుపత్రుల ఎక్స్‌రేలు, పిల్లల పరీక్ష మార్కులు, దుకాణాల బిల్లులు, అన్నీ అందులోనే దాస్తారట. పండగనీ పబ్బమనీ అయ్యి ఆగవు. ఆగవు గనక కాల్తాయి. కాలకుండా గదికి మూడు పెద్ద ఏసీ మిషన్లు సల్లగాలి కొడతాయి. ఆ గాలి పైనుంచి రాదు. నేలకి పైన రెండడుగుల ఎత్తులో ఇంకో పలకల నేల ఉంటాది, ఆ మధ్య ఖాళీలోకి గాలి తోసేస్తారు. అరల ముందరున్న సిల్లుల పలకల్లోంచి అది పైకి లేస్తాది. కంప్యూటర్లు ముందునుంచి సల్లగాలి పీల్చి ఎనకనుంచి ఏడిగాలి వదుల్తాయి.

వాసవి మేడం ఏసీ మనిషి కోసం ఎతుకుతోందని తెలిసి సిన్నాన్నని తీసుకెల్లాను. సెవుల సంగతి సెప్పలేదు. సెప్తే రానిస్తారేటి? ఆ గదిలో పనికి మొదటి షరతే, నిప్పు గంట మోగితే బైటికి పరిగెత్తాలని. నీళ్ళు కొడితే కంప్యూటర్లు పోతాయి గనక అక్కడ నిప్పుకి గ్యాసు పెట్టారు, సోడాలోకి ఎక్కించే గ్యాసే. పక్కగదిలో ఎర్ర సిలిండర్లు మనిషెత్తున వరసగా నిలబడుంటాయి. వదిల్తే గదిలో గాలి పోయి నిప్పు సస్తాది. లోపల మనిషున్నా అంతే.

అందుకే సిన్నాన్నకి ఒక ఉపాయం నేర్పాను. నేర్పింది నానే, దాసుకోను. కోతిటోపీ పెట్టుకోమన్నాను. గది సల్లగుంటాది గనక ఎవులూ తప్పుపట్టరు, పిలిస్తే పలక్కపోతే టోపీ వల్లనుకుంటారు. మేడం ఏదైనా సెప్తే తల ఊపమన్నాను. తరవాత నాను మొకానికెదురుగా నిలబడి, పెదాలు కదిపి, అన్నీ సెప్తానన్నాను. గంట మోగిందా, నానొచ్చి సొక్కా లాగుతాను. ఇద్దరం ఒకే షిఫ్టు, ఒకే గది. ఆయన ఒప్పుకున్నాడు, పని కావాలి మరి.

మొదటి వారంలోనే సిన్నాన్న మేడం నోరు మూయించాడు. గదిలో ఓ మూల అరలు ఎంత గాలి కొట్టినా కాలిపోతున్నాయి, ఇంకో ఏసీ కొనాలని ఆవిడంటోంది. సిన్నాన్న వరసల మధ్యన సెయ్యి సాపుకుంటూ అటూ ఇటూ నడిసి, అరలన్నీ ఒకే దిక్కుకి తిప్పారు, ముందోడు వదిలిన ఊపిరిని ఎనకోడు పీలుస్తున్నాడు అన్నాడు. రెండో వరసని తిప్పెయ్యమన్నాడు. మొకానికి మొకం, ఈపుకి ఈపు. మొకాల సందులో సల్లగాలి, ఈపుల సందులో ఏడిగాలి, రెండూ కలవకూడదు. అరల్లో ఖాళీలున్న సోట్ల రేకులు బిగించాడు. ఆ ఏసీ కొనలేదు. అప్పట్నుంచి మేడం ఆయన్ని గారూ అని పిలిచేది. ఆయనకి ఇనబడకపోయినా నాకు కడుపు నిండిపోయేది.

రెండేళ్ళు అలాగే నడిసింది. నడిసిందంటాను గానీ నాను ఒక్కరోజు కుదురుగా లేను. గచ్చు తుడుస్తున్నా ఒక సెవి గంటమీదే. ఆయన సెవులు గూడా నానే మోస్తున్నానని ఒక్కోసారి కోపమొచ్చేది. కోపం నాకు ముక్కుమీదే ఉంటాది, కొత్తేటి కాదు.

రెండువేల పదహారు, శ్రావణమాసం. మేడం అందర్నీ నిలబెట్టి మాటాడింది. అదివరకు గ్యాసు వదలాలంటే మనిషి తాళం తిప్పాలి. ఇకనుంచి దానంతటదే వస్తాదని సెప్పింది. పొగ పసిగట్టే బిళ్ళలు పైకప్పుకి కొన్ని, పలకల నేల కింద కొన్ని ఉన్నాయి. కిందదీ పైదీ రెండూ పొగుందంటే గంట మోగుతాది, ముప్పై సెకన్లలో గ్యాసు. గది బైట, తలుపు పక్కన పసుపు డబ్బాలో ఒక బొత్తాం ఉన్నాది. అది నొక్కిపెట్టినంతసేపూ గ్యాసు ఆగుతాది, ఏలు తీస్తే లెక్క మల్లీ మొదలు. అంచేత ఈసారి పూజకి ధూపమూ దీపమూ ఏదీ లోపలికి రాకూడదని గట్టిగా సెప్పింది. నోటీసు అంటించారు, ఇంగ్లీషులో. సిన్నాన్నకి వచ్చింది ఒడియా అక్షరాలు మాత్రమే.

ఆరోజు నాకు ఛత్రపూర్‌లో రేషన్ కార్డు పనుంది. మూడుకి కౌంటరు మూసేస్తారు, బస్సు ఎల్లిపోతాది. సిన్నాన్న నా కొంగు పట్టుకుని మేడం ఏటన్నాదని అడిగాడు. నాకు సిరాకేసింది. ఏటుంది, అదే పాట, గంట మోగితే బైటికి రమ్మంది అనీసి పరిగెత్తాను. మిగతాది రేపు సెప్దామనుకున్నాను. రేపు ఇంకో పని. ఎల్లుండికి ఆ మాటే మనసులోంచి జారిపోయింది.

అదీ నాను సేసిన పని.

విశ్వకర్మ పూజొచ్చింది. ఆరోజు మా గంజాం జిల్లాలో పనిముట్టు ముట్టరు. లేతు మిషన్లు, బస్సులు, రిక్షాలు, అన్నిటికీ స్నానం, కుంకం, దండ. కుండపెంకులో నిప్పులేసి, మీద ఝుణా సల్లి, అదే సాంబ్రాణి, మిషను సుట్టూ తిప్పి పొగేస్తారు. సిన్నాన్నకి అది ప్రాణం. ఐసు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఆయనే ఏసాడు. ఇక్కడా ముందు రెండేళ్ళు మూడు ఏసీలకీ ఆయనే ఏసాడు, గ్యాసు తాళం మీదుండేది గనక ఏటీ కాలేదు. ఈసారి పూజ వరండాలో పెట్టారు. అది సూసి ఆయన మొకం మాడ్చుకున్నాడు. ఏడాదంతా ఒక్కరోజు సెలవు లేకుండా తిరిగేది మిషను, దానికి పొగెయ్యకుండా తలుపుకి దండమెట్టడమేటని నాతో గొణిగాడు. అప్పుడైనా నాకు వెలగాలా? వెలగలేదు. బూంది పంచే హడావిడిలో ఉన్నాను.

పదకొండు గంటలకి అందరూ డాబామీదున్న ఏసీల బైటి మిషన్లకి పూజ సెయ్యడానికి పైకెల్లారు. నన్ను కిందినుంచి ప్రసాదం పళ్ళెం తెమ్మన్నారు. పళ్ళెం ఎత్తుకున్నాను, గంట మోగింది.

తలుపు అద్దంలోంచి సూసాను. ఆ మూల మూడో ఏసీ దగ్గర కోతిటోపీ కనబడింది. సేతిలో కుండపెంకు. ఈపు నాకేసుంది. ఆయన ఏసిన పొగని ఆయన సాకిన మిషనే గుటకేసి, నేల కిందికి తోసి, గదంతా పంచేసింది. కిందా పైనా రెండు బిళ్ళలూ ఒక్కసారే పట్టేసాయి.

పళ్ళెం ఎక్కడ పడ్డాదో తెల్దు. పసుపు డబ్బా మీద పడి బొత్తాం నొక్కాను. నొక్కి, అప్పుడు తెలిసింది నాను ఎక్కడ ఇరుక్కున్నానో. ఏలు తీసి లోపలికి పరిగెడితే ముప్పై సెకన్లు. గది ఆ సివరకి ఎల్లి, ఆయన్ని లాక్కుని, పలకల మీద జారకుండా వచ్చేలోగా గ్యాసు వచ్చేస్తే ఇద్దరం పోతాం. ఏలు తియ్యకపోతే ఆయన అక్కడే ఉంటాడు, నానిక్కడే ఉంటాను. అరిచాను. పైవాళ్ళకి డాబామీద మిషన్ల మోతలో నా అరుపూ గంటా ఏదీ ఇనబడదు. ఆయనకి ఆ గంటే ఇనబడదు. గొంతు పోయేలాగ సిన్నాన్నా అని అరిచి, ఎవుల్ని పిలుస్తున్నానో తెలిసొచ్చి ఏడుపొచ్చేసింది.

నా మాపు కర్ర గోడకి ఆనించుంది. గది లైట్ల స్విచ్చులు గూడా బైటే, తలుపుకి రెండో పక్క. కుడిసేతి బొటనేలు బొత్తాం మీదుంచి, ఎడంసేత్తో మాపందుకుని, కర్రతో పొడిసాను. రెండుసార్లు తప్పింది. మూడోసారికి లైట్లన్నీ పోయాయి.

బైటికొస్తాడనుకున్నాను. రాలేదు. మా సిన్నాన్న కరెంటు పోతే బైటికొచ్చే మనిషేటి? కంప్యూటర్ల పచ్చ దీపాల ఎలుగులో, పెంకు కిందెట్టి, మిషను మీద అరసెయ్యి ఆనించాడు. తిరుగుతోందా లేదా సూస్తున్నాడు. నాను ఇక్కడ బొటనేలు బిగదీసి సస్తున్నాను. తిరుగుతోందని తెలిసాక, మరి లైట్లెందుకు పోయాయని తల తిప్పాడు. అద్దంలో నా మొకం సూసాడు. పెదాలు కదిపాను. పెంకు ఎత్తుకుని నడుసుకుంటూ వచ్చాడు, నడుసుకుంటూ! ఆయన తలుపు దాటినా నాను ఏలు తియ్యలేదు.

ప్రసాదం ఇంకా రాలేదని దిగొస్తూ గంట ఇన్న మేడం మెట్లమీంచి దూకినట్టొచ్చి డబ్బాకి తాళం తిప్పింది. గంట ఆగింది. ఎంతసేపు మోగిందని నన్నడిగింది, నాలుగు నిమిషాలన్నాను. పెంకు సూసింది, పొగ సూసింది, ఆయన్ని సూసింది. ఆయన కళ్ళు ఆవిడ పెదాలమీదున్నాయి. ఆవిడకి అనుమానమొచ్చింది. సేతిలో ఫైలు నోటికడ్డంగా పెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"అసిరయ్య గారూ, మీకు చెవులు వినపడవా?"

సిన్నాన్న నవ్వి, తల ఊపి, "అలాగేనమ్మా" అన్నాడు.

నాను గోడకేసి తిరిగిపోయాను. ఆ తల ఊపడం నేర్పింది నానే కదా.

మేడం తిట్టలేదు. ఆయన్ని కూకోబెట్టి, కాయితం మీద ఒడియాలో రాసి అడిగింది. గ్యాసు దానంతటదే వస్తాదనీ, పొగ తేకూడదనీ శ్రావణంలో సెప్పాను, మీకు తెలీదా అని. సిన్నాన్న ఆ కాయితం శానాసేపు సూసాడు. తరవాత నాకేసి సూసాడు. నాను నోరిప్పాల్సింది. ఇప్పితే నా పని పోతాది, ఆయన్ని దాసిన తప్పూ నాదే, ఇదీ నాదే. కింద ఒలికిన బూంది ఏరడం మొదలెట్టాను.

"మా పున్ని అన్నీ సెప్తాదమ్మా. ఇదీ సెప్పే ఉంటాది. నానే మర్సిపోయాను" అన్నాడు.

ఆ గదికి తగిన ఏర్పాటు సేసేదాకా రావద్దని మేడం ఆయన్ని ఇంటికి పంపింది. మీ ప్రాణానికి నేను పూచీ పడలేనని కాయితం మీద రాసింది. అందులో తప్పేటీ లేదు. ఆవిడ సోట్లో నానున్నా అదే రాద్దును.

అక్కడితో అయిపోతే నాను ఇంత సెప్పేదాన్ని కాదు. నలభై రోజులు. ఆ నలభై రోజులు నాను అన్నం తిన్నానో మన్ను తిన్నానో తెల్దు. మేడం ఊరుకోలేదు, గదికి నాలుగు గోడలకీ ఎర్ర దీపాలు పెట్టించింది. గంట మోగితే అయ్యి మెరుస్తాయి. ఈయనకోసమే కాదు, సెవుల్లో తీగలెట్టుకుని పని సేసే కుర్రాళ్ళకి గూడా అని సెప్పింది. అసిరయ్య గారిని రమ్మను అని నాతోనే కబురెట్టింది. నాను ఎగురుకుంటూ మార్కండి ఎల్లాను.

సిన్నాన్న రానన్నాడు. సెవుల్లేకపోతే దీపమెట్టొచ్చు, బుర్ర పోయినోడికి ఏ దీపమెడతారన్నాడు. పిన్ని నన్ను ఎనకింటికి లాక్కెల్లి గోడ సూపించింది. సిమెంటు గోడ మీద మనిషెత్తు దాకా సుద్దముక్కతో ఒడియా అక్షరాలు. ఏరోజు ఏ కూర తిన్నాడు, ఎవులు ఎదురుపడ్డారు, పక్కింటి పిల్లల పేర్లు, ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్ల నంబర్లు. రాసి, కళ్ళు మూసుకుని అప్పజెప్పుకుని, మల్లీ సూసుకుంటున్నాడట. పొద్దున్న లేచింది మొదలు అదే పనట. మా ఆయన మతి పోతోందే పున్నీ, తిన్న కూర మర్సిపోతానేమోనని రెండేసిసార్లు తింటన్నాడు అని పిన్ని గుండెలు బాదుకుంది. ఒక్కటీ మర్సిపోలేదు ఆ గోడ మీద. అయినా ఆయన నమ్మడు. అంతపెద్ద మాట, ప్రాణం తీసే మాట మర్సిపోయాను కదా, ఇంకేటి మర్సిపోనంటాడు.

నాను ఆయన్ని వాకిట్లోకి లాక్కొచ్చి, ఎండ నా మొకం మీద పడేలాగ నిలబడ్డాను. "సిన్నాన్నా, నాను నీకు సెప్పలేదు" అన్నాను. ఆయనకి అందలేదు. మల్లీ సెప్పాను. బస్సు తొందర్లో సగమే సెప్పాననీ, గ్యాసు మాటా పొగ మాటా నా నోటెంట రాలేదనీ, నలభై రోజులు తప్పు ఆయనమీదే ఉంచి నా పని కోసం నోరు మూసుకున్నాననీ, అన్నీ కక్కేసాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుణ్ణనుకున్నాను.

"అయితే నాను మర్సిపోలేదన్నమాట" అన్నాడు.

నవ్వాడు. నిజంగా నవ్వాడు. పిన్నిని కేకేసి, ఒలే, నాను మర్సిపోలేదంట, అసలు నాకెవులూ సెప్పలేదంట అని పెళ్ళి కబురులాగ సెప్పాడు. లోపలికెల్లి తువ్వాలు తడిపి, గోడంతా తుడిసేసాడు. సుద్దనీళ్ళు కాళ్ళమీద కారుతున్నా ఆగలేదు. నాను గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాను. అంతా అయ్యాక తువ్వాలు పిండి, నాకేసి తిరిగాడు. కోపం లేదు మొకంలో, అదే నన్ను సంపేసింది.

"పున్నీ, నువ్వు సెప్పిందే నాకు ఇనబడ్డం. నువ్వు సెప్పకుండా ఒగ్గేసింది నాకు లోకంలోనే లేదు."

మర్నాడు ఇద్దరం బరంపురం ఎల్లాం. మేడంకి గూడా సెప్పేసాను. నన్ను నెల్లాళ్ళు ఆ గదిలోకి రానివ్వలేదు, కింద గోడౌను ఊడ్పించింది. ఊడ్సాను. ఇప్పుడు ఎర్ర దీపాలున్నాయి, మేడం ప్రతీదీ బోర్డుమీద ఒడియాలో రాస్తాది, విశ్వకర్మ పూజ పొగ డాబా మీదే. నా అవసరం నిజానికి లేదు. అయినా ఎవులేటన్నా, నన్ను తిట్టిన తిట్లతో సహా, ఆయనకెదురుగా ఎలుగులో నిలబడి ఒక్క ముక్క ఒగ్గకుండా సెప్తాను. అదే అలవాటైపోయింది. అందుకే నాకు కూకుని సెప్పడం రాదు.